తొలి టైమ్ అటాక్‌కు ఇంటి కారుతో వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నెల్లూరులో ఉద్యోగం. 2016 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ ఉంది, లోన్ తీరిపోయింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసొచ్చిన దగ్గర్నుంచి, ఒక్కసారైనా ట్రాక్ మీద నడపాలని మనసు పీకుతోంది. చెన్నై దగ్గర ట్రాక్‌లో మాలాంటి వాళ్లకు కూడా గడియారంతో పోటీపడే టైమ్ అటాక్ పోటీలు ఉంటాయని ఒక ఫ్రెండ్ చెప్పాడు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించకుండా, ఎగ్జాస్ట్, స్ప్రింగులు మార్చకుండా వెళ్తే పరువు పోతుందంటున్నాడు. వాటికి లక్ష దాకా అవుతుందట. ముందు కొన్ని రాత్రులు బైపాస్ మీద ప్రాక్టీస్ చేద్దామంటున్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఇంట్లో ఉన్నది ఒక్క కారు, చిన్న పిల్లలిద్దరు అని ఆమె భయం. ఇన్సూరెన్స్ ఉంది కదా, ఏం కాదని సర్దిచెప్పాను. నేను వెళ్లొచ్చా? కారుకు ఏం చేయించాలి? మా తమ్ముడు కూడా అదే కారుతో దిగుతానంటున్నాడు, కుదురుతుందా?

సమాధానం:

వెళ్లొచ్చు. 38 ఏళ్ల వయసుకూ, మీ స్విఫ్ట్‌కూ ఈ ఆటలో చోటుంది. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత, ముందు దాని సంగతి చూద్దాం.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని మీ ఆవిడకు చెప్పారు. ఈ రాత్రికే ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ కారు పాలసీ కాగితం తీసి, వాడకానికి సంబంధించిన పరిమితులు అని ఉన్న భాగం చదవండి. మన దేశంలో కారు పాలసీల్లో ఆ భాగం దాదాపు ఒకేలా ఉంటుంది. ఏర్పాటు చేసిన రేసులు, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ లాంటి వాటికి వాడితే పాలసీ వర్తించదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. టైమ్ అటాక్‌లో పక్కపక్కన పోటీపడకపోయినా అది వేగ పరీక్షే. ట్రాక్ మీద కారు గోడకు తగిలితే ఆ ఖర్చు పైసాతో సహా మీదే. మీ సొంత ప్రమాద బీమా, జీవిత బీమా కాగితాలు కూడా చూసుకోండి. ప్రమాద బీమా పాలసీలు చాలావాటిలో మోటార్ రేసింగ్‌ను మినహాయిస్తారు. ఆర్గనైజర్లు పోటీదారులకు ఏదైనా బీమా ఇస్తున్నారా, ఇస్తే ఎంతకు, ఆసుపత్రి ఖర్చు అందులో ఉందా అని ఎంట్రీ కట్టే ముందే అడగండి. అలా అడగడానికి మొహమాటపడే వాళ్లను చాలామందిని చూశాను. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ఇప్పుడు మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు అసలు బరువు తెలుస్తుంది. ఆమె భయం ఉత్త చాదస్తం కాదు. లెక్క ఇది: ఆ కారు మొత్తం పోయినా, మర్నాటి నుంచి పిల్లల స్కూలు, మీ ఆఫీసు, అమ్మానాన్నల ఆసుపత్రి పనులు సాగుతాయా? మళ్లీ కారు కొనుక్కోవడానికి అప్పుల పాలు కాకుండా ఉండగలరా? ఉండగలం అని ఇద్దరూ కూర్చుని, అంకెలు వేసుకుని ఒప్పుకుంటేనే ఆ కారుతో దిగండి. లేకపోతే సంవత్సరం ఆగండి, లేదా ట్రాక్ కోసమే ఒక పాత చిన్న కారు కొనుక్కునే దారి చూడండి. ప్రమాదం తప్పకుండా జరుగుతుందని నేననడం లేదు. ఈ పద్ధతిలో జాగ్రత్తగా నడిపిన వాళ్లలో ఎక్కువమంది వెళ్లిన కారులోనే ఇంటికి తిరిగొస్తారు. కానీ ఇంట్లో వాళ్లకు నిజం తెలియకుండా పెట్టే పందెం ఇద్దరి డబ్బుతో ఒకరే ఆడినట్టు అవుతుంది.

ఇక ఈ ఆట ఏమిటో మీ ఇద్దరికీ ఒకేలా అర్థం కావాలి. మీ ఆవిడ బహుశా ఒకేసారి ఇరవై కార్లు మొదటి మలుపులోకి దూరడాన్ని ఊహించుకుంటూ ఉంటారు. టైమ్ అటాక్‌లో అది ఉండదు. కార్లను ఎడం పాటించి ఒక్కొక్కటిగా వదులుతారు. మొదటి ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు, టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి. ఆ తర్వాత గడియారంతో పోటీపడే ల్యాపులు ఒకటో రెండో. చివరిది కారును చల్లార్చుకుంటూ, ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్‌లోకి వచ్చే ల్యాప్. కారుకు బిగించిన ట్రాన్స్‌పాండర్ ప్రతి ల్యాప్ సమయాన్నీ నమోదు చేస్తుంది, రోజంతటిలో మీ ఒక్క మంచి ల్యాపే లెక్కలోకి వస్తుంది. ఎవర్నీ దాటేయాల్సిన పని లేదు. వెనక నుంచి ఇంకా వేగంగా వచ్చే కారుంటే నీలం జెండా చూపిస్తారు, దారిచ్చేయడమే.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది జపాన్‌లోని త్సుకుబా సర్క్యూట్. రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉండే ఆ చిన్న ట్రాక్‌ను నిమిషం లోపు చుట్టి రావడం అక్కడి గ్యారేజీల వాళ్లకు దశాబ్దాలుగా ఒక వ్రతం లాంటిది. సిడ్నీలో 2010 నుంచి ప్రపంచ స్థాయి టైమ్ అటాక్ పోటీ జరుగుతోంది. అందులో కూడా పెద్ద రెక్కలు తగిలించుకున్న కార్లతో పాటు, రోడ్డు కార్లకు దగ్గరగా ఉండేవాటికి వేరే క్లాసు ఉంది. అమెచ్యూర్లు ముందు చూడాల్సింది ఆ క్లాసు వీడియోలే. అక్కడి డ్రైవర్ చేతులు ఎంత తక్కువ కదులుతాయో గమనించండి.

మీకు దగ్గర్లో ఉన్నది ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. శ్రీపెరుంబుదూరు వైపు, చెన్నై–బెంగళూరు హైవే మీద ఉంటుంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించింది, 1990 నుంచి నడుస్తోంది. పొడవు 3.717 కిలోమీటర్లు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2003లో మొదలైంది, పొడవు రెండు కిలోమీటర్ల పైన. అది పొట్టిగా, మెలికలుగా ఉంటుంది కాబట్టి చిన్న కారుకు సరదాగా ఉంటుంది, కానీ మీకు దూరం. మొదటిసారికి ఇరుంగాట్టుకోట్టై చాలు. అన్నట్టు, మీరు నెల్లూరు నుంచి చెన్నై వెళ్లేటప్పుడు రెడ్‌హిల్స్‌కు ముందు షోలవరం దాటుతారు. ఈ ట్రాక్ రాకముందు దక్షిణాదిలో కార్ల రేసులంటే ముఖ్యంగా అక్కడే, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద. మన నెల్లూరు రోడ్డు పక్కనే అంత చరిత్ర ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను.

ఎంట్రీ కట్టే ముందు ఒకసారి ఊరికే చూడ్డానికి వెళ్లండి. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. అంబులెన్సు ఎక్కడ నిలబడి ఉందో, ప్రతి మలుపు దగ్గరా జెండాలు చూపించే సిబ్బంది, అంటే మార్షల్స్, ఎలా కాపలా ఉన్నారో, ఒక కారు అదుపు తప్పితే ఎంతసేపట్లో ఎర్రజెండా లేస్తుందో ఆమె కళ్లారా చూడాలి. నేను ఇక్కడ ఎన్ని పేరాలు రాసినా అంత పని చేయవు. చూశాక కూడా ఆమె వద్దంటే, ఆ వద్దుకు విలువ ఇవ్వండి.

బైపాస్ ప్రాక్టీస్ గురించి ఒక్క మాటే చెబుతాను: వద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద రేసు, వేగ పరీక్ష పెట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ రోడ్డు మీద లైటు లేని ట్రాక్టర్ ఉంటుంది, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉంటుంది, గేదె ఉంటుంది. వాళ్లెవరూ మీ ప్రాక్టీస్‌కు ఒప్పుకోలేదు. పైగా తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కడం వల్ల టైమ్ అటాక్‌కు పనికొచ్చేది ఏదీ రాదు. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

3.717 కిలోమీటర్ల ల్యాప్‌ను మీరు రెండున్నర నిమిషాల్లో పూర్తిచేశారనుకోండి. సగటు వేగం గంటకు 89 కిలోమీటర్లు. మీరు గూడూరు వెళ్లేటప్పుడు హైవే మీద ఇంతకంటే వేగంగానే పోతూ ఉంటారు. అంటే సమయం పోయేది గరిష్ఠ వేగం దగ్గర కాదు. బ్రేకు ఎక్కడ మొదలుపెట్టారు, మలుపులోకి ఎంత వేగంతో దిగారు, బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ ఎంత ముందుగా తొక్కగలిగారు, అక్కడే సెకన్లు దాక్కుంటాయి. మలుపు తర్వాత ఆరు వందల మీటర్ల తిన్నని దారి ఉందనుకోండి. ఆ దారి పొడుగునా సగటు వేగం 110కి బదులు 113 ఉంటే అర సెకను కలిసొస్తుంది. గంటకు ఆ మూడు కిలోమీటర్ల అదనపు వేగం ఇచ్చేది రీమ్యాప్ కాదు, మలుపు నుంచి సరిగ్గా బయటపడటం. లోపలికి కాస్త నిదానంగా వెళ్లి, కారు ముక్కు బయటి దారి వైపు తిరిగాక పూర్తిగా తొక్కేవాడు, లోపలికి దూకుడుగా దిగి మధ్యలో టైర్లు కీచుమంటూ తంటాలుపడే వాడికంటే ప్రతిసారీ ముందుంటాడు.

అందుకే మీ ఫ్రెండ్ చెప్పిన లక్ష రూపాయల పని చేయించకండి. మీది టర్బో లేని ఇంజిన్. దానికి రీమ్యాప్ చేస్తే వచ్చే అదనపు పవర్ కొద్దిపాటిది. ఎగ్జాస్ట్‌తో పెరిగేది ముఖ్యంగా మోత. చౌకరకం పొట్టి స్ప్రింగులు వేస్తే కారు చూడ్డానికి బాగుంటుంది, కానీ గతుకు తగలగానే సస్పెన్షన్ అడుగుకు కొట్టుకుని, మలుపు మధ్యలో పట్టు వదిలేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది: పోటీల్లో క్లాసులు ఇంజిన్ సైజును, చేసిన మార్పులను బట్టి ఉంటాయి. నాలుగు వస్తువులు మార్చి, పూర్తిస్థాయి రేస్ కార్లుండే క్లాసులో పడితే ఆ పరువేదో అక్కడే పోతుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చిన కారును మళ్లీ రోడ్డు మీద నడిపితే దానికీ చట్టపరమైన చిక్కులున్నాయి. మీ స్విఫ్ట్ షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉండనివ్వండి. డబ్బు మూడు చోట్ల పెట్టండి: బ్రేకులు, టైర్లు, హెల్మెట్.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంటి కారుతో ట్రాక్‌కు వచ్చే వాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడేది వీటితోనే. మీతో కలిపి కారు బరువు 1,100 కిలోలు అనుకుందాం. గంటకు 120 నుంచి 60కి ఒక్కసారి బ్రేకు వేస్తే పుట్టే వేడి, బిందెలోంచి తీసిన లీటరున్నర నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. వేగం సగానికి తగ్గినా, శక్తిలో ముప్పాతిక భాగం బ్రేకుల్లోకే పోతుంది మరి. ఊళ్లో నడిపేటప్పుడు అలాంటి బ్రేకు రోజుకు ఒకటి పడితే గొప్ప. ట్రాక్ మీద రెండున్నర నిమిషాల్లో గట్టి బ్రేకులు చాలాసార్లు వేస్తారు. ఆ వేడి ప్యాడ్ల నుంచి, వాటిని నొక్కే క్యాలిపర్‌లోకి, అక్కణ్నుంచి బ్రేక్ ఆయిల్‌లోకి ఎక్కుతుంది. ఆయిల్ మరిగితే అందులో బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తగా నేలదాకా వెళ్లిపోతుంది, బ్రేకు మాత్రం పడదు. కొత్త డాట్ 3 గ్రేడు ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 డిగ్రీల దాకా. కానీ బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. నీరు చేరిన డాట్ 3 అయితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు, డాట్ 4 అయితే 155కి. నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్లో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఏ స్థితిలో ఉంటుందో మీరే ఊహించుకోండి.

కాబట్టి ఈవెంట్‌కు వారం ముందు మంచి డాట్ 4 ఆయిల్ కొత్త డబ్బా తెప్పించి, నాలుగు చక్రాలకూ పాత ఆయిల్ పూర్తిగా పోయేదాకా బ్లీడింగ్ చేయించండి. తెరిచి పెట్టిన పాత డబ్బాలోది వద్దు. ముందు ప్యాడ్లు సగం అరిగి ఉంటే మార్చేయండి. పల్చటి ప్యాడ్ వేడిని ఆపలేదు. కొత్త ప్యాడ్లు వేయిస్తే ఊళ్లో కొన్ని రోజులు నడిపి సర్దుకోనివ్వండి, అదే రోజు ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి. వెనక డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించి, వీల్ సిలిండర్ల దగ్గర కారుతోందేమో చూడమనండి. ఇవన్నీ చేయించినా మీ ఫ్రెండ్ చెప్పిన లక్షలో చిన్న ముక్కే అవుతుంది.

ట్రాక్ మీద ఒక సంకేతం గుర్తుంచుకోండి. బ్రేకు పెడల్ కిందటి ల్యాప్ కంటే లోతుగా వెళ్తున్నట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా ఆ ల్యాప్ అక్కడితో వదిలేయండి. వేగం తగ్గించి చల్లార్చుకుంటూ లోపలికి రండి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి. వేడి డ్రమ్ముకు లైనింగ్ అతుక్కుంటుంది. గేరులో పెట్టి, చక్రం కింద రాయి గానీ చెక్క దిమ్మ గానీ పెట్టండి. బానెట్ ఎత్తి గాలాడనివ్వండి.

టైర్లకు వస్తే, మీకున్న 185/65 ఆర్15 సైజే చాలు. గాడులు బాగా ఉండాలి, పక్కలు ఉబ్బకూడదు, బీటలు ఉండకూడదు. బాగానే కనిపిస్తున్నా ఆరేడేళ్లు దాటిన టైరుతో వెళ్లకండి, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. తయారైన వారం, సంవత్సరం టైరు పక్కనే నాలుగు అంకెల్లో ఉంటాయి. ఇక గాలి. టైరులోని గాలి 30 డిగ్రీలు వేడెక్కితే ప్రెషర్ నాలుగు పీఎస్‌ఐ పైనే పెరుగుతుంది. ఉదయం 30 పెట్టి వెళ్తే ఒక సెషన్, అంటే ట్రాక్ మీద ఒక విడత, అయ్యేసరికి 34 దాటిపోవచ్చు. అప్పుడు టైరు ఉబ్బి, మధ్య భాగం మాత్రమే నేలకు ఆనుతుంది.

అది కంటితో చూసే చిట్కా ఒకటి ఉంది. సెషన్‌కు ముందు బ్లాక్‌బోర్డు మీద రాసే సుద్దముక్కతో, ముందు టైర్ల అంచు మీద, నేలను తాకే భాగం నుంచి పక్కగోడ మీదికి దిగేలా మూడు నాలుగు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. టైర్ల మీద, పక్కగోడ ప్రారంభమయ్యే చోట చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, వెతికితే కనిపిస్తుంది. తిరిగొచ్చాక సుద్ద ఎంతదాకా చెరిగిందో చూడండి. త్రిభుజం కొన దగ్గర ఆగితే గాలి సరిపోయింది. త్రిభుజం దాటి పక్కగోడ మీద కూడా చెరిగిపోయి ఉంటే టైరు మడత పడుతోంది, రెండు పీఎస్‌ఐ పెంచండి. త్రిభుజానికి చాలా ముందే ఆగిపోతే రెండు తగ్గించండి. కొలిచేది ఎప్పుడూ సొంత గేజీతోనే, కారు లోపలికి వచ్చిన వెంటనే. ఇంటికి బయల్దేరే ముందు, టైర్లు చల్లారాక మళ్లీ కంపెనీ చెప్పిన ప్రెషర్‌కు నింపుకోవడం మరవద్దు.

హెల్మెట్ విషయంలో ఆ ఈవెంట్ నియమావళి ఏమంటుందో అదే ప్రమాణం. కార్ల రేసింగ్‌కు స్నెల్ అనే సంస్థ ఇచ్చే ఎస్‌ఏ గుర్తున్నవి ఉంటాయి. వాటికి మంటను తట్టుకునే పరీక్ష కూడా చేస్తారు. బైకు హెల్మెట్లకు ఆ పరీక్ష ఉండదు. కొన్ని అమెచ్యూర్ ఈవెంట్లలో ముఖం మొత్తం మూసే బైకు హెల్మెట్‌కు ఒప్పుకున్నా, కొనేటప్పుడే ఎస్‌ఏ గుర్తున్నది కొనుక్కోండి. అరువు హెల్మెట్ వద్దు. తలకు బిగుతుగా సరిపోవాలి, అది ఇంతకుముందు కింద పడిందో లేదో మీకు తెలియదు. బట్టలు నిండు చేతుల కాటన్‌వి వేసుకోండి. సింథటిక్ టీషర్టులు మంటకు కరిగి ఒంటికి అతుక్కుంటాయి. కాళ్లకు పల్చటి అడుగున్న బూట్లు ఉంటే పెడల్ ఒత్తిడి తెలుస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. మన దేశంలో ఈ క్రీడను చూసుకునేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా, అందరూ ఎఫ్ఎంఎస్‌సీఐ అంటారు. దాని అనుమతి ఉన్న ఈవెంట్‌కే వెళ్లండి. ఏ తరగతి లైసెన్స్ కావాలి, మెడికల్ సర్టిఫికెట్ ఏ నమూనాలో ఉండాలి అన్నది ఆ ఈవెంట్ నియమావళిలో ఉంటుంది. చివరి రోజు పరుగులు పెట్టకుండా ముందే తెచ్చుకోండి.

ఆ రోజు ఉదయం స్క్రూటినీ, అంటే కారు తనిఖీ, ఉంటుంది. కారులో కదిలే వస్తువు ఏదీ ఉండకూడదు. స్టెప్నీ, జాకీ, వీల్ పానా, కాళ్ల కింది మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, పిల్లల బిస్కెట్ ప్యాకెట్లు అన్నీ దించేయండి. సీటు కింద దొర్లుతున్న నీళ్ల సీసా బ్రేకు పెడల్ కిందికి వచ్చి ఇరుక్కుంటే ఏమవుతుందో ఆలోచించండి. బ్యాటరీ క్లాంపు బిగువుగా ఉందా, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా, సీటుబెల్టు లాగితే పట్టుకుంటోందా, కారును లాగడానికి బంపర్‌లో కొక్కెం బిగించారా చూస్తారు. చక్రాల నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించి, ప్రతి సెషన్ తర్వాత మళ్లీ చూసుకోండి. తర్వాత డ్రైవర్ల బ్రీఫింగ్. అక్కడ ఫోను జేబులో పెట్టేసి వినండి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, దాటకూడదు. రెండు పసుపు జెండాలు ఒకేసారి ఊపితే ఆగడానికి కూడా సిద్ధంగా ఉండాలి. పసుపు ఎరుపు చారలది చూపిస్తే నేల జారుతోంది. ఎరుపు అయితే సెషన్ ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌కు రావాలి. నారింజ చుక్కున్న నల్లజెండా మీ నంబరుతో చూపిస్తే మీ కారులో ఏదో లోపం ఉంది, వెంటనే లోపలికి రావాలి. ఇవి ఇంట్లోనే పిల్లలతో పరీక్ష పెట్టించుకుని నేర్చుకోండి, వాళ్లకీ సరదాగా ఉంటుంది.

మొదటి సెషన్‌లో గడియారం సంగతి మర్చిపోండి. ఎంత శాతం వేగంతో నడపాలని అడిగితే, మీ పక్కన కూర్చున్న మనిషి భయపడని వేగం అంటాను. ఆ సెషన్ అంతా దారి నేర్చుకోవడానికే. ప్రతి మలుపుకూ మూడు గుర్తులు పెట్టుకోండి: బ్రేకు ఎక్కడ, తిప్పడం ఎక్కడ, బయటికి ఎక్కడ. కదలనివే గుర్తుగా పెట్టుకోవాలి. ఆగి ఉన్న అంబులెన్సును గుర్తుగా పెట్టుకుంటే అది వెళ్లిపోయిన ల్యాప్‌లో మీరు చిక్కుకుంటారు. కళ్లు బానెట్ ముందు ఉండకూడదు. బ్రేకు వేస్తున్నప్పుడే మలుపు లోపలి అంచును చూడాలి, అక్కడికి చేరకముందే బయటి దారిని చూడాలి. చూపు ఎటుంటే చేతులు అటే పోతాయి. గోడను చూస్తే గోడకే.

కారు తిన్నగా వెళ్తున్నప్పుడే బ్రేకు గట్టిగా వేయండి. మీ కారుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది కాబట్టి పెడల్ కాలికింద టకటకమని కొట్టుకుంటుంది. కంగారుపడి కాలు తీయకండి, అది పని చేస్తోందని అర్థం. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపిస్తే ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదలకండి. బరువంతా ముందుకు వచ్చి వెనక భాగం తిరిగిపోతుంది. మెల్లగా తగ్గించండి. అయినా కారు గిర్రున తిరిగిపోతే రెండు కాళ్లూ నొక్కేయండి, క్లచ్, బ్రేకు, పూర్తిగా. కారు ఆగేదాకా వదలొద్దు. రెండు చక్రాలు ట్రాక్ దిగితే స్టీరింగ్ విదిలించి పైకి తేవాలని చూడకండి. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గాక నిదానంగా ఎక్కండి. ఆగిపోతే, మంట లేనంత వరకు బెల్టు పెట్టుకుని లోపలే కూర్చోండి. మార్షల్ చెప్పాకే దిగాలి.

రెండో సెషన్ నుంచి ఒక్కో మార్పే చేయండి. ఈ సెషన్‌లో ఒక్క మలుపు దగ్గర బ్రేకు కాస్త ఆలస్యంగా, అంతే. లోపలికి రాగానే ఏం చేశారో, ఎంత సమయం వచ్చిందో, టైర్ల ప్రెషర్ ఎంతో కాగితం మీద రాయండి. సాయంత్రానికి ఆ కాగితమే మీకు కోచ్. ఎండ దారుణంగా ఉంటుంది, ఏసీ ఆపేస్తారు, తలమీద హెల్మెట్. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి. చివరి సెషన్‌లో చాలామంది ఒక్క సెకను కోసం తెగిస్తారు, ఒళ్లు అలిసిపోయిందని వాళ్లకు తెలియదు. మీకు ఏమాత్రం అలసటగా ఉన్నా ఆ సెషన్ వదిలేయండి. టైమ్ షీట్‌లో మీ పేరు ఎక్కడున్నా, అది మధ్యలోనో చివర్లోనో అయినా, మొదటి ల్యాప్‌కూ చివరి ల్యాప్‌కూ మీ సమయంలో ఎంత తేడా వచ్చిందో అదే మీరు నేర్చుకున్నది.

తిరుగు ప్రయాణం కూడా ఇందులో భాగమే. రోజంతా ట్రాక్ మీద నడిపాక, తడ దాటి హైవే మీద వస్తుంటే వంద కూడా నత్తనడకలా అనిపిస్తుంది. టైర్లు, ప్యాడ్లు అరిగి ఉంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. వీలైతే ఆ రాత్రి చెన్నైలోనే పడుకోండి, లేదా మీతో వచ్చిన ఇంకొకరు నడపాలి. మర్నాడు మెకానిక్ దగ్గర చక్రాలు విప్పించి ప్యాడ్లు, ఆయిల్ చూపించాకే పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లండి.

చివరిగా మీ తమ్ముడి విషయం. ఒకే కారులో ఇద్దరు డ్రైవర్లను కొన్ని ఈవెంట్లలో అనుమతిస్తారు, విడిగా ఎంట్రీ కట్టాలి. నియమం ఒప్పుకున్నా ఈసారి వద్దంటాను. మీరు దిగి ఆయన ఎక్కితే కారుకు చల్లారే వ్యవధి సగానికి సగం పోతుంది. ఇంత సేపూ నేను చెప్పిన బ్రేకుల వేడి, టైర్ల వేడి అన్నీ రెట్టింపు అవుతాయి. ఒకరి చేతిలో కారు దెబ్బతింటే రెండోవాడి ఎంట్రీ కూడా పోతుంది, అన్నదమ్ముల మధ్య ఆ లెక్క తేల్చుకోవడం కష్టం. ఈసారికి ఆయన మీతో పిట్ క్రూగా, అంటే పిట్‌లో సాయానికి, రావాలి. సుద్దముక్క, టైరు గేజీ, నట్లు బిగించే టార్క్ పానా, మజ్జిగ సీసాలు ఆయన బాధ్యత. సాయంత్రం నెల్లూరు దాకా కారు నడిపేది కూడా ఆయనే. వచ్చేసారి ఆయన డ్రైవర్, మీరు పిట్ క్రూ. ఎంట్రీ ఫీజు, ప్యాడ్లు, ఆయిల్ ఖర్చు చెరిసగం అని ఇప్పుడే మాట్లాడుకోండి.